కాడి లేని బండి

వడ్ల మాలకొండయ్య భయం మెడ దగ్గర మొదలైంది. తన మెడ కాదు, ఎద్దు మెడ.

మార్కాపురంలో అతని తండ్రి కాలం నుంచీ వాళ్ల కొట్టంలో బండ్లు తయారయ్యేవి. గనుల్లో చీల్చిన పలకరాయిని ఊళ్లోకీ, కోసి నునుపు చేసిన పలకలను రైలు స్టేషనుకూ చేరవేసేవి ఆ బండ్లే. పలక చేతిలో ఉన్నంతసేపూ పలుచనే, పేర్చితే మాత్రం కొండ. అందుకే ఆ ప్రాంతపు వడ్రంగికి చెక్క చెక్కడం కన్నా ముందు తూకం తెలియాలి. ఇరుసుకు ముందు బరువెక్కితే కాడి ఎద్దు మెడను నలిపేస్తుంది. వెనక బరువెక్కితే కాడి పైకి లేచి, మెడకు కట్టిన పలుపు గొంతుకు బిగుసుకుంటుంది. ఆ రెంటికీ మధ్య నిలబెట్టగలిగినవాడే బండి కట్టినవాడు.

తండ్రి దానికొక పరీక్ష పెట్టుకున్నాడు. బండి పూర్తయ్యాక సరుకు వేయించి, ఎద్దులను విప్పి, ఇంటి ఆడమనిషిని పిలిచేవాడు. ఆమె ఒంటిచేత్తో కాడి ఎత్తగలిగితేనే బండి వాకిలి దాటేది. తండ్రి పోయిన తరువాత ఆ పని మాలకొండయ్య భార్య కాశమ్మకు వచ్చింది. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, కాడి ఎత్తి దించి, "తీసుకపోండి" అనేది. ఒక్కోసారి మాట్లాడకుండా తల అడ్డంగా ఊపి లోపలికి పోయేది. అప్పుడు మాలకొండయ్య మళ్లీ ఉలి పట్టేవాడు.

ఒక వేసవిలో కాశమ్మ పుట్టింటికి వెళ్లింది. తర్లుపాడు వైపు నుంచి ఓబులయ్య అనే రైతు వచ్చి బండి కోసం తొందర పెట్టాడు. మాలకొండయ్య తనే కాడి ఎత్తి చూసుకున్నాడు. అతని చేతికి అది తేలికగానే తోచింది. ఉలి పట్టే చేతికీ, పిండి రుబ్బే చేతికీ ఉన్న తేడాను లెక్కలోకి తీసుకోలేదు. బండి వెళ్లిపోయింది.

వానలు పడకముందే ఓబులయ్య తిరిగి వచ్చాడు. అరవలేదు. భుజాన మోసుకొచ్చిన కాడిని కొట్టం ముందు దించాడు. దాని అడుగున తెల్లవెంట్రుకలు ఎండిన నెత్తురుతో అంటుకుని ఉన్నాయి.

"మెడ వాచి పగిలింది మామా. పురుగు పడింది. మొన్న కూలబడి మళ్లీ లేయలా," అన్నాడు. "నిన్ను ఏమంటాను? నువ్వు చేసినావు, నేను తోలినాను."

ఆ కాడి కొట్టంలోనే ఉండిపోయింది. దాన్ని పొయ్యిలో పెట్టమని కాశమ్మ చెప్పినా అతను వినలేదు. అప్పటి నుంచి ప్రతి బండికీ ముందు బరువు ఒక వేలెడు తగ్గించేవాడు. రైతులకు అది నచ్చింది. మాలకొండయ్య బండి వెనకుందో లేదో ఎద్దుకే తెలియదని పేరు వచ్చింది. తరువాత స్టేషనుకు తిరిగే జట్కాలు కట్టాడు. గుర్రం మెడ మీద కూడా బరువు పడనివ్వలేదు. ఆ పేరు వెనక ఉన్నది నేర్పు కాదని, భయమని ఒక్క కాశమ్మకే తెలుసు.

పంతొమ్మిది వందల ముప్ఫైల మొదట్లో స్టేషను దారి మీద మోటారు కూత వినిపించసాగింది. జట్కావాళ్లు ఒక్కొక్కరే గుర్రాలను అమ్ముకున్నారు. మాలకొండయ్య కొట్టంలో సగం చేసిన చక్రాలు గోడకు చేరగిలబడి ఉండిపోయాయి. తన విద్య తన కంటే ముందే చనిపోతుందేమోనన్న దిగులు అతనికి పట్టుకుంది. అలాంటి రోజుల్లో గిద్దలూరు వ్యాపారి గోవిందయ్య అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన ఒక మోటారు చాసీ కొన్నాడు. గిద్దలూరు నుంచి కనుమ దాటి నంద్యాలకు బస్సు నడపాలని ఆయన ఆలోచన.

"చెన్నపట్నంలో కట్టించుకోమని అందరూ చెప్పినారు," అన్నాడు గోవిందయ్య. "వాళ్లు సముద్రం ఒడ్డున కూచోని కడతారు. మన కనుమ వాళ్లకేం తెలుసు? నువ్వు కట్టు వడ్లాయనా. బండి బండే గదా."

"బండి బండే," అన్నాడు మాలకొండయ్య.

చాసీ రైల్లో దిగింది. ఇంజను, నాలుగు చక్రాలు, వాటిని కలిపే రెండు పొడవాటి ఇనుప దూలాలు. అంతే. చర్మం ఒలిచిన జంతువులా ఉన్న దాన్ని, ఒక చెక్కపెట్టె మీద కూర్చుని అబ్రహాము కొట్టం వరకు తోలుకొచ్చాడు. అబ్రహాము కంభం మిషన్ బడిలో చదువుకున్నవాడు, మొదటి ప్రపంచయుద్ధంలో బస్రా దాకా పోయి లారీలు తోలి వచ్చినవాడు. గోవిందయ్య అతన్ని డ్రైవరుగా పెట్టుకున్నాడు.

మాలకొండయ్య చాసీ చుట్టూ చాలాసేపు తిరిగాడు. అతనికి అర్థం కావలసింది ఒక్కటే. ఇందులో ఎద్దు ఎక్కడుంది? చివరికి ఇంజను ముందు ఆగాడు. శబ్దం చేసేది ఇదే, వేడెక్కేది ఇదే, నీళ్లు తాగేది ఇదే. కాబట్టి ఎద్దు ఇదే. ముందు చక్రాలు దాని కాళ్లు. వెనక చక్రాల ఇరుసే బండి ఇరుసు. అలా అనుకోగానే అతని మనసు కుదుటపడింది. ఇరుసుకు ఇటూ అటూ బరువు సమంగా పంచి, వెనక వేలెడు ఎక్కువ ఉంచాలి. ఎద్దు మెడ మీద ఏమీ పడకూడదు.

ఇనుప దూలాలు వెనక చక్రాలు దాటిన కాసేపటికే ఆగిపోతాయి. మాలకొండయ్య వాటికి గట్టి ఏగిసచెట్టు దుంగలు బిగించి, ఇంకా వెనక్కి సాగదీశాడు. వాటి మీద రెండు వరుసల సీట్లు, సామాన్ల పెట్టె కట్టాడు. బండిలోకి మనుషులు వెనక నుంచి ఎక్కుతారు గనుక తలుపు కూడా వెనకే పెట్టాడు. పక్కలకు రేకు కొట్టి, పైన వానకు ఆగే మందపాటి కిత్తానుగుడ్డ పరిచి, ఎర్రరంగు పూసేసరికి ఊరంతా చూడటానికి వచ్చింది.

స్టేషను దాకా ఉన్న చదును దారి మీద అబ్రహాము నడిపి చూశాడు.

"ఏందన్నా ఇది, స్టీరింగు ఇంత తేలిగ్గుంది," అన్నాడు దిగుతూ. "మా ఇంట్లో పాప గూడా తిప్పుతాది."

మాలకొండయ్య ఆ మాటను మెప్పుగా తీసుకున్నాడు. ఎద్దుకు బండి ఉన్నట్టే తెలియడం లేదన్నమాట. కాశమ్మ మాత్రం బస్సు ముందు నిలబడి అటూ ఇటూ చూసింది.

"ఇందులో నేను ఎత్తాల్సింది ఏంది?" అని అడిగింది.

"దీనికి కాడి లేదు."

"కాడి లేకపోతే తూకం ఎట్ల తెలుస్తాది?"

ఆ రోజు నుంచి మాలకొండయ్యకు అన్నం సయించలేదు.

వాళ్ల ఇంట్లో ఇంకో ఆనవాయితీ ఉంది. కొత్త బండి తొలి ప్రయాణంలో చేసినవాడూ, వాడి ఇల్లాలూ కూర్చోవాలి. ఇల్లాలు చివర కూర్చోవాలి. కుదుపు ఎక్కువ తగిలే చోట సొంత మనిషిని కూర్చోబెట్టలేనివాడు పరాయివాళ్లను ఎక్కించకూడదని తండ్రి అనేవాడు. బస్సుకూ ఆ ఆనవాయితీ తప్పలేదు. గిద్దలూరులో కొబ్బరికాయ కొట్టిన ఉదయం, కాశమ్మ చివరి వరుసలో తలుపు పక్కన కూర్చుంది. మాలకొండయ్య తన పనిముట్ల సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని డ్రైవరు పక్కన కూర్చున్నాడు. నడుమ రైతులు, నంద్యాల సంతకు పోయేవాళ్లు, ఎలుగుగొడ్డులా జుట్టు పెంచిన గొర్రెలకాపరి గురవయ్య, అతని ఒళ్లో ఒక పొట్టేలుపిల్ల.

"దీనికి గూడా టిక్కెట్టా?" అని గురవయ్య గోవిందయ్యను అడిగాడు.

"నీకన్నా శుభ్రంగుంది. దానికే ఇస్తా, నువ్వు నడిచిరా," అన్నాడు గోవిందయ్య. బస్సంతా నవ్వింది.

బయలుదేరే ముందు కూలీలు పలకల పెట్టెలు తెచ్చారు. అవి నంద్యాల బడులకు పోవలసినవి. అబ్రహాము వాటిని తన సీటు వెనక పెట్టమన్నాడు. మాలకొండయ్య వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందు పెట్టొద్దు. మెడ మీద పడతాది. అన్నీ వెనకెయ్యండి."

పెట్టెలు కాశమ్మ సీటు కింద, ఆమె వెనక, ఒకదాని మీద ఒకటి చేరాయి.

దిగువమెట్ట దాటగానే అడవి మొదలైంది. కనుమ మొదట్లో పసుపు పూసిన రాయి దగ్గర బండ్లవాళ్లు ఆగి ఉన్నారు. ఎక్కేవాళ్లు తమ మనుషులను ముందుకు జరిపి కూర్చోబెట్టుకుంటున్నారు. దిగి వచ్చినవాళ్లు బండి వేగం ఆపడానికి వెనక కట్టుకున్న దుంగలను విప్పుతున్నారు. బస్సును చూసి ఎద్దులు బెదిరాయి. ఒక ముసలి బండివాడు చక్రాల వైపు చూసి, తరువాత వెనక వేలాడుతున్న ఎర్ర పెట్టె వైపు చూసి, ఏదో అనబోయి ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం మాలకొండయ్యకు ముల్లులా దిగింది.

దారి లేవడం మొదలైంది. ఒకవైపు కొండ, మరోవైపు వెదురుపొదలు. పొదల సందుల్లోంచి లోయ అడుగు కనిపించడం లేదు. మొదటి మలుపులో బస్సు కొంచెం ఆలస్యంగా తిరిగిందని మాలకొండయ్యకు అనిపించింది. రెండో మలుపులో అబ్రహాము చేతులను చూశాడు. అవి స్టీరింగును పూర్తిగా తిప్పాయి. బస్సు తిరగలేదు. కాసేపు తనకిష్టమైన వైపు పోయి, అప్పుడు గుర్తొచ్చినట్టు తిరిగింది. ముందు చక్రం కింద నుంచి రాళ్లు రాలి, వెదుళ్లలో చప్పుడు చేసుకుంటూ కిందికి పోయాయి. ఆ చప్పుడు చాలాసేపటి దాకా ఆగలేదు.

అబ్రహాము చెంప మీద చెమట కారుతోంది.

"అన్నా," అన్నాడు పెదవులు కదపకుండా, "ముందు చక్రాలు నేల మీద ఉండాయా?"

మాలకొండయ్య పక్కకు వంగి చూశాడు. ఉన్నాయి. కానీ ఉండవలసినట్టు లేవు. దుమ్ములో వాటి జాడ సరిగా పడటం లేదు. గుంత వచ్చిన ప్రతిసారీ చక్రం గాలిలోకి లేచి, తీరుబడిగా దిగుతోంది. తన కాళ్ల కిందున్న చెక్క మెల్లగా పైకి లేవాలని చూస్తోంది. ఆ లేవడం అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. అది ఎద్దుకు పలుపు బిగిసే ముందు క్షణం.

అప్పుడు అంతా ఒక్కసారిగా అర్థమైంది. ముందున్నది ఎద్దు కాదు. దానికి మెడ లేదు, నొప్పి లేదు. నేలను పట్టుకోవడానికి దానికి బరువు కావాలి. తను దయతో దాని మీద నుంచి ప్రతి సేరూ తీసేశాడు. తీసిందంతా కాశమ్మ కింద పేర్చాడు.

"ఆపు," అన్నాడు.

"ఆపితే వెనక్కి పోతాది. ఈ వాలులో బ్రేకు పట్టదు. పైన చదునుంది, దాని దాకా పోవాల."

ఎదురుగా మూడో మలుపు కనిపిస్తోంది. ఇంతవరకూ వచ్చిన మలుపుల కన్నా ఇరుకైనది. దాని అంచున పొదలు కూడా లేవు, ఆకాశమే ఉంది.

అరవాలి. ఏమని అరవాలి? బస్సు పడిపోతోందంటే జనం లేస్తారు. లేచినవాళ్లు తలుపు వైపు పరుగెత్తుతారు. తలుపు తను వెనక పెట్టాడు. అందరూ వెనక్కి పోతే ముందు చక్రాలు లేచిపోతాయి, మళ్లీ దిగవు. తల తిప్పి కాశమ్మను చూశాడు. ఆమె కూడా అతన్నే చూస్తోంది. ఒక చేత్తో ముందు సీటు పట్టుకుంది. రెండో చెయ్యి, తనకు తెలియకుండానే, అరచెయ్యి పైకి తిప్పి కొద్దిగా లేపి పట్టుకుంది. వాకిట్లో కాడి ఎత్తేటప్పుడు పట్టుకున్నట్టు.

"కాడి లేచింది," అని అరిచాడు మాలకొండయ్య. "కాడి లేచిందయ్యా, ముందుకు రండి."

బస్సుకు కాడి ఎక్కడిదని ఎవరూ అడగలేదు. వాళ్లందరూ బండ్లలో పుట్టిపెరిగినవాళ్లు. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ మాట వినబడితే ఒళ్లు ఆలోచనకు ఆగదు. రైతులు ఒకరి మీద ఒకరు పడుతూ ముందుకు వచ్చారు. గురవయ్య పొట్టేలుపిల్లను మాలకొండయ్య తల మీదుగా ఇంజను పక్కకు విసిరినంత పని చేసి, తనూ దూకాడు. వెనక నుంచి కాశమ్మ గొంతు వినిపిస్తోంది. "పదండి, పద నాయనా, పదమ్మా, కాడి లేచింది, పదండి." ఆమె అందరినీ తోస్తోంది గానీ తను కదలడం లేదు.

"నువ్వు రా," అని అరిచాడు అతను. ఆమెకు వినబడలేదు, లేదా వినిపించుకోలేదు. ఆమె ముందొక ముసలమ్మ సీట్ల సందులో ఇరుక్కుపోయి ఉంది.

మలుపు వచ్చేసింది. అబ్రహాము స్టీరింగు తిప్పాడు. బస్సు తిన్నగా పోయింది. మాలకొండయ్యకు బానెట్టుకు అవతల దారి కనిపించలేదు, ఆకాశం మాత్రమే కనిపించింది. అప్పుడు కాశమ్మ ముసలమ్మను ఎత్తి ముందువాళ్ల మీదికి తోసి, ఆమె వెనకే తనూ పడింది. ముందు చక్రాలు దబ్బున నేలకు తగిలాయి. స్టీరింగు అబ్రహాము చేతుల్లో బరువెక్కింది. బస్సు కొండవైపు తిరిగి, రేకు బండకు గీసుకుపోతూ మలుపు దాటింది.

చదునులో బస్సు ఆగింది. దిగాక మొదట మాట్లాడింది గోవిందయ్యే.

"ఏం జరిగింది వడ్లాయనా?"

మాలకొండయ్య చక్రాల కింద రాళ్లు పెడుతున్నాడు. పెట్టడం అయ్యాక సంచిలోంచి రంపం తీసి బస్సు వెనక్కి నడిచాడు. ఇనుప దూలాలు ఎక్కడ ఆగిపోతాయో అక్కడ ఏగిస దుంగ మీద గోటితో గీత గీశాడు.

"రంపమెందుకు? ఏం చేస్తాండావు?" గోవిందయ్య అడ్డం వచ్చాడు. "రెండు వరసల సీట్లు అవి. మొన్న పూసిన రంగు."

"దీనికి ఎద్దులు లేవు," అన్నాడు మాలకొండయ్య. "నేను ఉండాయనుకున్నా."

గోవిందయ్యకు అర్థం కాలేదు. అబ్రహాముకు అర్థమైంది. అతను వచ్చి దుంగకు అవతలి కొస పట్టుకున్నాడు. గోవిందయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తాము దాటి వచ్చిన మలుపు వైపు ఒకసారి చూసి, పక్కకు తప్పుకున్నాడు.

రంపం పని చాలాసేపు సాగింది. అడవిలో ఎక్కడో ఏదో కూసిన ప్రతిసారీ జనం దగ్గరకు జరిగారు. గురవయ్య మాత్రం ఉండబట్టలేక, "కొత్త పంచె కట్టుకోని మూరెడు చించుకున్నట్లుండాదే ఇది," అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. తోక తెగి నేల మీద పడ్డప్పుడు కాశమ్మ కూర్చున్న సీటు కూడా దానితోపాటే పడింది. మాలకొండయ్య దాని వైపు చూడలేకపోయాడు. పలకల పెట్టెలను ముందుకు మోయించి, డ్రైవరు వెనక పేర్పించాడు. కాశమ్మను అబ్రహాము పక్కన కూర్చోబెట్టాడు. తను వెనక, తెరిచి ఉన్న కొసలో కూర్చుని, కాళ్ల కింద నుంచి వెనక్కి జారిపోతున్న దారిని చూస్తూ గాజులపల్లె దాకా దిగాడు.

ఆ బస్సుకు మొండితోక బస్సని పేరు పడింది. మొదట ఎగతాళి చేశారు. రెండు వానాకాలాలు కనుమలో తిరిగి క్షేమంగా వచ్చాక, దర్శి నుంచీ యర్రగొండపాలెం నుంచీ మోటారు యజమానులు మొండితోకలే కావాలని వచ్చారు. బండ్ల కొట్టం బస్సు బాడీలు కట్టే షెడ్డయింది. రెండో ప్రపంచయుద్ధం వచ్చి పెట్రోలు కరువైనప్పుడు, బొగ్గు కాల్చిన గ్యాసుతో ఇంజను నడిచేలా బస్సులకు బొగ్గుపొయ్యిలు తగిలించవలసి వచ్చింది. అవి వెనక తగిలిస్తే తేలిక. మాలకొండయ్య ఆ రోజుల్లో మళ్లీ నిద్ర మానేశాడు. పొయ్యి ఎంత బరువుంటే ముందు అంత బరువు పెట్టిగాని బస్సును వదిలేవాడు కాదు.

షెడ్డుకు పేరొచ్చింది గానీ అతని భయం తగ్గలేదు, వైపు మారింది. ఓబులయ్య తెచ్చిన కాడిని గోడకు వేలాడదీసే ఉంచాడు. ప్రతి కొత్త బస్సులోనూ వెనక సీట్ల నిండా పలకల పెట్టెలు వేయించేవాడు. తరువాత కాశమ్మను పిలిచేవాడు. ఆమె జుట్టు నెరిసినా, చెయ్యి సన్నబడినా ఆ పని మరొకరికి ఇవ్వలేదు. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, బస్సు ముందున్న ఇనుపకమ్మీ కింద రెండు చేతులూ పెట్టి, ఊపిరి బిగబట్టి పైకి లాగేది. చూసేవాళ్లకు అది వింతగా ఉండేది. ఇంజనుతో ఉన్న మోటారును ముసలమ్మ ఎత్తడమేమిటని కొత్త యజమానులు నవ్వుకునేవారు.

"లేయడం లేదు," అనేది కాశమ్మ. "తీసుకపోనీ."

అతను అప్పటికీ కదిలేవాడు కాదు. ఆమె చేతులకేసి చూస్తూ, ముందు చక్రాల పక్కన గొంతుక్కూర్చుని, చక్రానికీ నేలకూ మధ్య చూపుడువేలు దూర్చడానికి ప్రయత్నిస్తూ అనేవాడు.

"ఇంకొకసారి ఎత్తు."